పొద్దున కొండ, సాయంత్రం తోట: మాలకొండ, పెంచలకోన, భైరవకోన, చందవరంలో మీకు ఏది?

బార్సిలోనా వెళ్లినవాళ్లకు మోంట్‌సెరాట్ కొండ మీది మఠాన్నీ, కింద ద్రాక్షతోటలో వైన్ రుచినీ కలిపి ఒక్కరోజు టూరుగా అమ్ముతారు. నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. పొద్దున కొండెక్కి దణ్ణం పెట్టుకోవడం, తిరుగుదారిలో తోట దగ్గర ఆగి కాయ కోయించుకోవడం మనకు ఎప్పటినుంచో అలవాటే. కాకపోతే మన దగ్గర సీసా బదులు బంగినపల్లి ఉంటుంది.

చిక్కల్లా ఎటు వెళ్లాలన్న దగ్గరే వస్తుంది. ఇంట్లో ఒకరు మాలకొండ అంటారు, ఇంకొకరు పెంచలకోన అంటారు, పిల్లలకేమో జలపాతం కావాలి. ఈ నాలుగు చోట్లా ఒక్కరోజులో వెళ్లి రాదగ్గవే అయినా ఏ రోజు పడితే ఆ రోజు, ఎవరితో పడితే వాళ్లతో కుదరవు. 2022 నుంచి జిల్లాల గీతలు మారుతూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ నెల్లూరు, ప్రకాశం అంటే పాత ఉమ్మడి జిల్లాలని అర్థం.

## ముందు తేల్చుకోవాల్సినవి

వారం. మాలకొండ గుడి శనివారం తప్ప తెరవరు. మీకు దొరికిన సెలవు ఆదివారమైతే ఆ పేరు అక్కడితో కొట్టేయండి. మిగతా మూడింటికీ ఈ పట్టింపు లేదు.

నెల. మామిడికి ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి దాకా అదను. జలపాతానికి సరిగ్గా ఎదురు లెక్క. మన రెండు జిల్లాలకూ ఈశాన్య రుతుపవనాలతో గట్టిగా వాన వస్తుంది కాబట్టి అక్టోబరు నుంచి జనవరి దాకా కోనల్లో నీళ్లుంటాయి. మే నెలలో పండూ జలపాతమూ రెండూ కావాలంటే ఒకటే దక్కుతుంది.

మోకాళ్లు. కారు ఎంతవరకు పోతుందన్నది సగం సంగతే. కారు దిగాక ఎన్ని మెట్లు, ఎంత ఎండ, మధ్యలో కూర్చునే చోటుందా అన్నవి ముందే అడగండి.

తిరుగుదారి వెలుతురు. కొండదారుల్లో చీకటి పడ్డాక రోడ్డు మీద పశువులుంటాయి, మలుపుల్లో ఎదురుగా వచ్చే బండి కనపడదు. సాయంత్రం ఆరింటికి పెద్ద రోడ్డు ఎక్కేలా లెక్క వేసుకోండి.

| | మాలకొండ + ఉలవపాడు మామిడితోటలు | పెంచలకోన + నిమ్మతోటలు | భైరవకోన + ఉదయగిరి | చందవరం |
|---|---|---|---|---|
| ఏ రోజు | శనివారమే | ఏ రోజైనా | ఏ రోజైనా | ఏ రోజైనా, పగలే |
| మంచి నెలలు | మే | ఏడాదంతా, వానల తర్వాత ఇంకా బాగు | అక్టోబరు–జనవరి | నవంబరు–ఫిబ్రవరి |
| నెల్లూరు నుంచి | సుమారు 120 కి.మీ. | సుమారు 80 కి.మీ. | 150 కి.మీ. దాకా | 200 కి.మీ. దాకా |
| ఒంగోలు నుంచి | సుమారు 80 కి.మీ. | 200 కి.మీ. దాకా | 150 కి.మీ. దాకా | సుమారు 90 కి.మీ. |
| ఎక్కుడు | అమ్మవారి గుడికి గట్టిగానే | దాదాపు లేదు | కొంచెం, రాళ్ల మీద | చిన్న గుట్ట |
| రుచి | బంగినపల్లి | నిమ్మ | లేదు, బదులు చెక్క గరిటెలు | మీరు కట్టుకెళ్లిందే |

దూరాలు ఒకవైపువి. ఒక్కరోజు ప్రయాణానికి ఒకవైపు 150 దాటితే బండిలో కూర్చోవడమే యాత్ర అవుతుంది. అందుకే నెల్లూరు వాళ్లకు చందవరాన్నీ, ఒంగోలు వాళ్లకు పెంచలకోననూ ఈ పోలికలోంచి పక్కన పెట్టేయొచ్చు.

## మాలకొండ, తిరుగుదారిలో ఉలవపాడు

కందుకూరు నుంచి పామూరు వెళ్లే దారిలో వలేటివారిపాలెం మండలంలో ఉంది మాలకొండ. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి ఇక్కడి దేవుడు. మిగతా ఆరు రోజులూ దేవతలు, ఋషులు వచ్చి కొలుస్తారని, మనుషులకు శనివారం ఒక్కటే వదిలారని నమ్మకం. ఫలితంగా వారం మొత్తం రద్దీ ఒక్కరోజు మీదే పడుతుంది. వైశాఖం, శ్రావణం శనివారాల్లో తొమ్మిది దాటాక వెళ్తే క్యూలోనే మధ్యాహ్నం అయిపోతుంది.

స్వామి గుడి దాకా ఘాట్ రోడ్డు ఉంది. పెద్దవాళ్లకు అంతవరకు ఇబ్బంది లేదు. అమ్మవారి గుడి ఇంకా పైన ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ దారిలో ఒక పెద్ద బండ నిలువునా రెండుగా చీలి ఉంటుంది, ఆ చీలికలోంచే పోవాలి. అలిగి వెళ్లిన అమ్మవారికి దారివ్వడానికే బండ చీలిందని స్థలపురాణం చెబుతుంది. ఎంత లావు మనిషైనా ఇందులోంచి దూరగలడని అంటారు. దూరడం నిజంగానే కుదురుతుంది, కానీ భుజానికి సంచీ, చంకలో పిల్ల, చేతిలో కొబ్బరికాయల కవరు పెట్టుకుని కుదరదు. సంచులు కిందే వదిలి, పక్కకి తిరిగి, ఒక భుజం ముందు పెట్టి నడవండి. ఇరుకు చోటంటే గుండెదడ వచ్చేవాళ్లు స్వామి దర్శనంతో ఆగిపోతే మంచిది. మధ్యలో ఆగి వెనక్కి రావాలంటే వెనకున్న వరసంతా వెనక్కి నడవాలి.

నెల్లూరు నుంచైతే ఐదింటికి బయల్దేరాలి. ఎనిమిది లోపు కొండ మీద ఉంటే పదకొండుకల్లా రెండు దర్శనాలూ అయిపోతాయి. బండ రాయి కాలకముందే దిగిపోవచ్చు. మేలో పదకొండు దాటాక ఆ మెట్ల మీద చెప్పుల్లేకుండా నడవడం పరుగే తప్ప నడక కాదు. కందుకూరులో భోజనం చేసి రెండింటికి ఉలవపాడు చేరితే సరిపోతుంది. పండ్లు ముందు కొని కొండకు వెళ్లే పని మాత్రం పెట్టుకోకండి. ఎండలో తలుపులు మూసిన కారులో నాలుగు గంటలున్న మామిడి తొడిమ దగ్గర మెత్తబడి, రెండో రోజుకే నల్లబడుతుంది.

### తోట దగ్గర రుచి చూడటం

ఉలవపాడు హైవే పొడుగునా అంగళ్లు ఉంటాయి. అక్కడ పెట్టిందంతా ఉలవపాడు కాయ అనుకోవడం అమాయకత్వం. సీజను మొదట్లో, చివర్లో బయట ఊళ్ల కాయ కూడా వచ్చి అదే పేరుతో పోతుంది. రోడ్డు దిగి తోటలోకి వెళ్తే మేలు. ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలా తోటలను పూత మీదే వ్యాపారులకు కౌలుకిచ్చేస్తారు. రైతు మీ చుట్టమైనా సరే, ఆ ఏడాది కాయ మీద మాట వ్యాపారిదే. ముందు రోజు ఫోను చేసేటప్పుడు ‘కోత ఎప్పుడు, అమ్మేది ఎవరు’ అని అడిగి వెళ్లండి.

తోటలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి అప్పుడే తినే పండు, రెండోది ఇంటికెళ్లి మాగేసుకునే ముదురు కాయ.

తినే పండును రుచి చూసే పద్ధతి ఇది. పండును అరగంట నీళ్లలో వేసి ఉంచాలి. తొడిమ దగ్గరి సొన కడుక్కుపోతుంది, లోపలి వేడీ తగ్గుతుంది. టెంకకు రెండు పక్కలా చెక్కలు కోసి, ఒకే చెక్క నుంచి మూడు ముక్కలు తీయండి. ఒకటి తొడిమ వైపుది, ఒకటి నడుముది, ఒకటి మొనది. చెట్టు మీద పూర్తిగా ముదిరి, నిదానంగా మాగిన పండైతే మూడింటికీ తీపిలో తేడా తక్కువ. తర్వాత టెంకను ఆనుకున్న కండ తినండి. అసలు పరీక్ష అక్కడే ఉంది. పైన పసుపుగా మెరిసి, టెంక దగ్గర తెల్లగా పుల్లగా ఉంటే లేత కాయను తొందరపెట్టి రంగు తెప్పించారన్న మాట. ఉప్పూ కారం వద్దు, ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య మంచినీళ్లు చాలు. తోటలో రసాలో ఇమాంపసందో ఉంటే బంగినపల్లి తర్వాతే తినండి. ఇమాంపసందు తిన్న నోటికి బంగినపల్లి చప్పగా అనిపిస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు.

కార్బైడ్ సంగతి. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, దాంతో తొక్క రంగు మారుతుంది కానీ కండ మాగదు. ఆ పొడిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లుంటాయి కాబట్టి మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం దాన్ని వాడటం నిషేధం. ఇథిలీన్ వాయువుతో 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దాకా మాగబెట్టడానికి అనుమతి ఉంది. అందుకని ‘గ్యాస్‌తో మాగేశాం’ అని చెప్పినవాడి మీద విరుచుకుపడక్కర్లేదు, ఏ గ్యాసని అడగండి. పండును తొడిమ దగ్గర వాసన చూడటం అన్నిటికంటే తేలిక. తట్ట మొత్తం ఒకే పసుపు రంగులో ఉండి, ఒక్కదానికీ వాసన లేకపోతే వదిలేయండి.

మాగేసుకునే కాయకు ఆనవాళ్లు వేరు. భుజాలు తొడిమ కంటే పైకి లేచి ఉండాలి. బకెట్ నీళ్లలో వేస్తే మునగాలి, తేలితే లేతదే. ఏ రైతైనా ఈ పరీక్షకు కాదనడు, కాదంటే మీకు జవాబు దొరికినట్టే. తొడిమ ఒక సెంటీమీటరు ఉంచి కోయించుకోండి. మొదలంటా విరిస్తే సొన కారి, అది పడ్డచోటల్లా తొక్క నల్లగా మాడుతుంది. ఇంట్లో వరిగడ్డి పరిచి, కాయల్ని ఒకదానికొకటి తగలకుండా తొడిమ కిందికి ఉండేలా పేర్చి, మళ్లీ గడ్డి కప్పండి. నాలుగు నుంచి ఆరు రోజుల్లో తయారవుతాయి. మూడో రోజు నుంచి చూసుకుంటూ, మాగినదాన్ని మాగినట్టు బయటికి తీయాలి. ఒకటి కుళ్లితే పక్కదాన్ని చెడగొట్టకుండా ఊరుకోదు. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. చలికి తొక్క మచ్చలు పడి, తర్వాత బయట పెట్టినా సరిగా మాగదు.

## పెంచలకోన, దారిలో నిమ్మ

ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే మొదట ఆలోచించాల్సింది ఇదే. వెలుగొండల మధ్య కోనలో, రాపూరు మండలంలో ఉంది పెంచలకోన. బండి దిగితే గుడి ఎదురుగానే ఉంటుంది. స్వామి, చెంచులక్ష్మి పెనవేసుకుని శిలగా వెలిశారు కాబట్టి పెనుశిల, అదే వాడుకలో పెంచల అయ్యిందంటారు. నెల్లూరు జిల్లాలో పెంచలయ్య, పెంచలమ్మ లేని ఊరు అరుదు. ఆదిలక్ష్మి అమ్మవారి గుడి వేరుగా ఉంటుంది, అక్కడిదాకా నడక తేలికే.

జలపాతం సంగతి వేరు. అది గుడి పక్కన ఉండదు, అడవిలోకి నడవాలి. ఇదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం. వానలు పడుతున్న రోజుల్లో పైన కురిసిన నీళ్లు కోనలోకి ఒక్కసారిగా దిగుతాయి, ఆ రోజుల్లో లోపలికి పోనివ్వకపోతే అటవీ సిబ్బందితో వాదించకండి. కోతులు మాత్రం ఏడాదంతా ఉంటాయి. ప్రసాదం కవరు చేతిలో ఊపుకుంటూ నడిస్తే అది మీది కాదు.

మధ్యాహ్నం గుడి మూస్తారు. పన్నెండు తర్వాత చేరేలా బయల్దేరితే సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చోవాల్సి వస్తుంది. నెల్లూరు నుంచి ఆరింటికి కదిలితే పదికల్లా దర్శనం అయిపోతుంది. వైశాఖ మాసం బ్రహ్మోత్సవాల్లో ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. మొక్కు ఉంటే తప్ప ఆ రోజుల్లో పెద్దవాళ్లను తీసుకెళ్లకపోవడమే నయం.

తిరుగుదారిలో రాపూరు, పొదలకూరు వైపంతా నిమ్మే. గూడూరు, పొదలకూరు మార్కెట్లలో కాయ బస్తాల లెక్కన పోతుంది. ఇంటికి ఐదు కిలోలు కావాలంటే తోటలోనో, గ్రేడింగ్ చేసేచోటనో అడగాలి. ఒకే సైజు రెండు కాయలు రెండు చేతుల్లో పెట్టుకుని చూడండి, బరువైనదే రసం ఉన్నది. తొక్క పలచగా, నున్నగా ఉండాలి. గరుకుగా మందంగా ఉంటే తొక్కకే డబ్బు పెట్టినట్టు. తొక్క మీద గోధుమరంగు పొక్కుల మచ్చలు కనపడితే అది గజ్జి తెగులు. ఆ కాయ రసానికి ఏ లోటూ ఉండదు, ధర మాత్రం తగ్గుతుంది. షర్బత్తుకైతే ఏరి మరీ అదే కొనొచ్చు. ఊరగాయకు మాత్రం వద్దు, అక్కడ తినేదే తొక్క. ఊరగాయకు పండిన పసుపు కాయ తీసుకోండి, కిలో కాయలకు పావుకిలో ఉప్పు లెక్క. నడిమి సైజు కాయలు కిలోకు 20 నుంచి 25 తూగుతాయి.

సమయం మిగిలితే రాపూరు దగ్గరే కండలేరు జలాశయం ఉంది. తెలుగుగంగ మీద చెన్నైకి తాగునీరు వెళ్లేది ఇక్కడి నుంచే. 68 టీఎంసీల నీటిని ఆపే మట్టికట్ట చూడటానికి బాగుంటుంది, కానీ నీడ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ ఆగకండి.

## భైరవకోన, ఉదయగిరి

గుహాలయాలు, జలపాతం ఒకేచోట కావాలనుకునేవాళ్లకు ఇదే. చంద్రశేఖరపురం మండలంలో, కొత్తపల్లి దగ్గర కొండ రాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలున్నాయి. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. వాటి ఎదురుగానే సుమారు 200 అడుగుల ఎత్తు నుంచి జలపాతం. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని ఆ రోజు జనం విరగబడతారు. గుహలు నింపాదిగా చూడాలంటే పౌర్ణమికి వారం అటో ఇటో వెళ్లండి, నీళ్లు అప్పుడూ ఉంటాయి. మే నెలలో వెళ్తే జలపాతం చోట తడి చార చూసి రావాలి.

గుహలు చూడటానికి పొద్దుటి పూటే బాగుంటుంది. తూర్పు ముఖం కాబట్టి ఎండ ఏటవాలుగా లోపలికి పడి, ద్వారపాలకుల చెక్కడాలు పొడుచుకొచ్చినట్టు కనపడతాయి. మధ్యాహ్నానికి అవి చదునుగా మారిపోతాయి. నీళ్ల దగ్గరి బండలు పాచి పట్టి ఉంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా, ఒంగోలు నుంచి కనిగిరి, పామూరు మీదుగా దారి. డీజిలు, పెట్రోలు ఉదయగిరిలోనో పామూరులోనో నింపుకోండి. ఫోను సిగ్నలు మీద ఆశ పెట్టుకోకుండా మ్యాపు ముందే దించుకోండి.

ఈ దారిలో పండ్లతోట రుచి లేదు. దానికి బదులు ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు చేసేవాళ్లున్నారు. నార్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చేతిపనిగా చెక్కుతారు. కొనేటప్పుడు కాడ, గిన్నె కలిసే మెడ దగ్గర కర్ర గీతలు పొడుగ్గా సాగాయో లేదో చూడండి. గీత అడ్డంగా తెగితే ఆరు నెలల్లో అక్కడే విరుగుతుంది. ఇంటికెళ్లి ఒకసారి నూనె రాసి ఆరనివ్వండి. నీళ్లలో నానబెట్టి ఉంచకూడదు. ఉదయగిరి కోట మాత్రం ఈ రోజులో కలపకండి. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేసి ఏడాదికి పైగా కింద కాచుకోవాల్సి వచ్చిన కొండ అది. మీరు రెండు గంటల్లో ఎక్కి దిగుదామంటే ఎలా?

## చందవరం

కొండ మీది మఠం అన్న మాటకు అచ్చంగా సరిపోయేది మన దగ్గర ఇదే. దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున గుట్ట మీద బౌద్ధ మహాస్థూపం, దాని చుట్టూ భిక్షువులు ఉన్న కట్టడాల ఆనవాళ్లు ఉన్నాయి. 1964లో వెలుగులోకి వచ్చింది. ఇక్కడి నుంచి దొంగిలించిన ఒక శిల్పం దేశాలు దాటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరి, 2016లో తిరిగి మన దేశానికి వచ్చింది. ఆ సంగతి తెలిసి వెళ్తే అక్కడ మిగిలిన రాళ్లను చూసే తీరే మారిపోతుంది.

పూజ లేదు, ప్రసాదం లేదు, నీడా లేదు. చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్లకు అరగంటలో అయిపోతుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకుని చలికాలంలో వెళ్లండి.

## బండి, గైడు

మాలకొండకు శనివారాల్లో కందుకూరు నుంచి ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. ఒక్కరో ఇద్దరో అయితే అదే చవక, కానీ ఉలవపాడు తోట కుదరదు, హైవే అంగళ్లతో సరిపెట్టుకోవాలి. ఊళ్లో వాళ్లు కలిసి వేసుకునే మినీ బస్సు మొక్కులవాళ్లకు బాగుంటుంది. అందులో ఇబ్బందల్లా వెనకబడిన చివరి మనిషి కోసం అందరూ ఆగడం, తోట దగ్గర ఇరవై నిమిషాలే ఇవ్వడం. తోటలో కోయించుకుని రుచి చూడాలంటే గంటన్నర కావాలి. బస్సు మాట్లాడేటప్పుడే ఆ మాట తేల్చుకోండి.

కారు కట్టుకుంటే రేటు కిలోమీటరు లెక్కనా, రోజు లెక్కనా, ఘాట్ రోడ్డుకు, డ్రైవరు బత్తాకు వేరేగా అడుగుతారా అన్నవి ముందే మాట్లాడుకోవాలి. గైడు అవసరమయ్యేది భైరవకోనలో, చందవరంలో. అక్కడ చెప్పేవాళ్లు లేకపోతే గుహ గుహగానే, రాయి రాయిగానే కనపడుతుంది. మాలకొండ, పెంచలకోనల్లో కొబ్బరికాయలు అమ్మే ఆమెను అడిగితే చాలు, గైడు కంటే బాగా చెబుతుంది.

## ఎవరికి ఏది

మేలో శనివారం సెలవుండి, ఇంట్లో అందరూ మెట్లెక్కగలిగితే మాలకొండ, ఉలవపాడు. రెండో ఆలోచన అక్కర్లేదు. మేలోనే కానీ ఆదివారమైతే నెల్లూరు వాళ్లు పెంచలకోన వెళ్లి వేరే రోజు మామిడికి వెళ్లడం మంచిది. ఒంగోలు వాళ్లు సింగరాయకొండ వరాహ నరసింహస్వామిని చూసుకుని ఉలవపాడుకు దిగొచ్చు, రెండూ హైవే పక్కనే. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులు ఉన్న నెల్లూరు ఇంటికి, బ్రహ్మోత్సవాల రోజులు తప్ప, ఏ నెలలోనైనా పెంచలకోనే. కాలేజీ పిల్లలు, కెమెరా పట్టుకున్నవాళ్లు నవంబరులో భైరవకోనకు వెళ్లాలి. కార్తీకంలో శివుడూ, జలపాతమూ కలిసొస్తాయి. చందవరం ఎవరికి కావాలో వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

మామిడి తెచ్చేవాళ్లకు ఇంకొక్క మాట. పండ్లను డిక్కీలో వెయ్యకండి, వెనక సీటు కింద గడ్డి పరిచిన పెట్టెలో రెండు వరసలకు మించకుండా పేర్చండి. మూడో వరస వేస్తే అడుగు వరస నలుగుతుంది. ఆ నలుగుడు ఆ రోజు కనపడదు, ఎల్లుండి కోసినప్పుడు లోపల గోధుమరంగులో బయటపడుతుంది. ఆవకాయకూ కాయలు తెస్తుంటే వేరే సంచీలో వేసుకోండి. మాగుతున్న పండ్ల పక్కన పెడితే వాటికీ రంగు తిరిగి, ముక్క మెత్తబడుతుంది.